ఉప్పు చెప్పేవాడు లేని పులుసు

అన్నపూర్ణమ్మ తల్లిని ఒక్కసారి తలచుకుని వినండి బాబూ. వెనకటికి ఓ రాజధానిలో, గాజులవీధిలో పేరిందేవమ్మ పూటకూళ్ళ ఇల్లు నడిపేది. అక్కడ తినేవాళ్ళు పప్పుతో పాటు రాజుగారి పాలనకూ వంకలు పెట్టేవారు. అది చెవిన పడి కొత్వాలు చెన్నమల్లు హుకుం జారీ చేశాడు: "ఈ ఇంట్లో ఎవరైనా దేన్నైనా బాగుందనీ బాగోలేదనీ అన్నారంటే పొయ్యి ఆర్పించేస్తా."

మర్నాడు తనే తనిఖీకి వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. అందరూ కిక్కురుమనకుండా, కళ్ళనీళ్ళు పెట్టుకుని మింగుతున్నారు. వీళ్ళకిది భయమా, తనమీద భక్తా? ఏమీ పాలుపోక తనూ ఓ ముద్ద నోట పెట్టుకున్నాడు. ఉప్పు కషాయం.

"ఏమమ్మా, ఇది పులుసా, సముద్రమా?"

"నాకేం తెలుసు దొరా? అందరూ తిన్నాక గాని నేను మెతుకు ముట్టను. మొదటి విస్తరివారు చెబితే దిద్దుతాను. ఇవాళెవరూ నోరు విప్పలేదు. ఇప్పుడు తమరే అన్నారు. పొయ్యి ఆర్పనా, పులుసు దిద్దనా?"

కొత్వాలు తికమకపడి, "దిద్దమ్మా" అన్నాడు.

"రాజుగారికైనా అంతే కదా దొరా, తిన్నవాళ్ళు చెప్పాలి."

కొత్వాలు పక్క విస్తరాయన వైపు తిరిగాడు. "ఎలా ఉందోయ్?"

"పులుసా దొరా, పాలనా?"

"పులుసు పైకి చెప్పు. రెండోది నా చెవిలో చెప్పు."