దొరసామి ఫోటో మళ్ళీ తీసిన వైనం

మంగళంపేటలో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే పోగుపడిందని దొరసామి కుటుంబం నమ్మకం. మిగతా పేట ఎలా బతుకుతోందో పాపం అని రోజూ అన్నాల దగ్గర కూర్చుని జాలిపడేవాళ్ళు.

జాలిపడరా మరి? ఒకసారి పక్కింటావిడ ఊరెళ్తూ "మా ఇల్లు కాస్త చూస్తూ ఉండండి" అంది. అంతే, దొరసామి, పెళ్ళాం నాగరత్న, కూతురు పూజిత, తల్లి వళ్ళెమ్మవ్వ నలుగురూ వీధిలో కుర్చీలేసుకుని ఆ ఇంటిని రెప్పవాల్చకుండా చూశారు. దొంగ వచ్చాడు. టీవీ ఎత్తుకుపోయాడు. బరువుకి వాడు రొప్పుతుంటే వళ్ళెమ్మవ్వ మంచినీళ్ళు కూడా ఇచ్చింది. పక్కింటావిడ తిరిగొచ్చి గుండెలు బాదుకుంటే దొరసామి ఛాతీ విరుచుకుని, "కళ్ళు పక్కకి తిప్పితే ఒట్టక్కా! వాడి చొక్కా మీద గళ్ళు ఏ రంగో అడుగు, చెప్తా" అన్నాడు.

అయితే ఒక్క విషయంలో మాత్రం ఈ ఇంటికి ఎవరూ వంక పెట్టలేరు. పూజిత స్కేట్‌బోర్డు ఎక్కిందంటే చూసి తీరాలి. అదే ఆ పిల్ల వృత్తి. పోటీలకెళ్తుంది, కప్పులు తెస్తుంది. నేల మీద ఉన్నంతసేపే ఆ ఇంటి పిల్ల. గాల్లోకి లేచిందా, ఇంకెవరో.

ఆ విద్య తండ్రి నుంచి వచ్చింది. దొరసామి కుర్రతనంలో వంటింటి పీటకి పాత బేరింగులు బిగించి, రాజేశ్వరి టాకీసు మెట్ల పైనుంచి ఎగిరాడు. దారినపోయే ఎవరో ఫోటో తీశారు. ఒక మోకాలు మడిచి, ఒక చెయ్యి ఆకాశంలోకి చాచి, నాలిక పళ్ళ మధ్య బిగించి, కింద పీటతో సహా గాల్లో దొరసామి! అది పేపర్లో పడింది. దేశంలో స్కేట్‌బోర్డు నేర్చే పిల్లలందరూ ఆ ఫోటో గోడకి అంటించుకున్నారు. ఎగిరినవాడి పేరు మాత్రం, పూజిత కప్పులు తెచ్చి తన నాయనని చెప్పుకునేదాకా, ఎవరికీ తెలియదు.

ఇప్పుడు బెంగుళూరులో బోర్డులు చేసే ఒక కంపెనీ పూజితకి కబురు పెట్టింది. నీ పేరుతో కొత్త బోర్డు తెస్తాం, దాని మీద మీ నాయన ఫోటో, నీ ఫోటో పక్కపక్కన వేస్తాం, అవే మెట్ల మీద అలాగే ఎగరాలి అని. పూజిత ఆ రాత్రి అన్నం తినలేదు. తన పేరున్న బోర్డు! దాని మీద నాయన! వచ్చే నెల పోటీలో దాన్నెక్కి దిగాలని పిల్ల ప్రాణం కొట్టుకుంది. చిక్కల్లా ఒక్కటే. పాడుబడ్డ ఆ టాకీసుని కొట్టేస్తున్నారు. మెట్లు ఇంకొక్క రోజే ఉంటాయి.

కంపెనీ వాళ్ళు ఫోనులో మరీ మరీ చెప్పారు. "పాత ఫోటో ఎలా ఉందో అచ్చం అలాగే రావాలమ్మా. వెంట్రుకవాసి తేడా ఉండకూడదు."

అనకుండా ఉండాల్సింది.

పొద్దున్నే కంపెనీ పంపిన ఫోటోగ్రాఫరు ఫణీంద్ర కెమెరా సంచీతో టాకీసు దగ్గర దిగాడు. చూస్తే మెట్లన్నీ తెల్లగా సున్నం. రేకు తలుపులకి నల్లగా మసి. పూజిత ముఖానికి బియ్యప్పిండి, జుట్టుకి బొగ్గుపొడి. వీధికుక్క ఒకటి ఒళ్ళంతా పిండితో తుమ్ముకుంటూ తిరుగుతోంది.

"ఏంటి అంకుల్ ఇదంతా?"

"పాత ఫోటోలో రంగులున్నాయా సార్?" అన్నాడు దొరసామి.

"లేవు."

"అందుకే తీసేశాం. రాత్రంతా పట్టింది."

"అయ్యో, బ్లాక్ అండ్ వైట్ చెయ్యడం కెమెరాలో ఒక్క మీట నొక్కితే అయిపోతుంది కదండీ!"

నాగరత్న మొగుడి వైపు చూసి ముసిముసిగా నవ్వింది. "ఒక్క మీట నొక్కితే మెట్లకి సున్నం పడుతుందంట. పాపం, చదువుకున్న పిల్లోడు."

ఫణీంద్ర పూజితని ముఖం కడుక్కుని రమ్మన్నాడు. ఆ పిల్ల వచ్చేలోపల వళ్ళెమ్మవ్వ ఒక లారీ టైరు దొర్లించుకుంటూ వచ్చింది.

"ఇదెందుకవ్వా?"

"ఫోటోలో మా వాడి తల చుట్టూ గుండ్రంగా ఒక చక్రం ఉంటుంది నాయనా. చూడలేదా నువ్వు?"

ఇంట్లో గోడకున్న ఫోటో తెప్పించి చూశాడు. చక్రం ఉన్నమాట నిజమే. ఎప్పుడో వళ్ళెమ్మవ్వ దాని మీద టీ గ్లాసు పెట్టింది. ఆ మరక.

"ఇది టీ మరకవ్వా!"

"ఏ మరకైతేనేం, ఉందా లేదా?"

ఉంది. ఇంకేముంది, దొరసామి ఒక నిచ్చెన మీద, నాగరత్న ఇంకో నిచ్చెన మీద ఎక్కి టైరు పట్టుకున్నారు. పూజిత మెట్ల మీంచి ఎగిరింది. ఎంత చక్కగా ఎగిరిందంటే టైరు మధ్యలోంచి సూదిలో దారంలా దూరిపోయింది. కెమెరాలో మాత్రం టైరే పడింది. చూస్తూ చూస్తూ మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకేసారి చప్పట్లు కొట్టారు. అంతే, పట్టుకునేవాళ్ళు లేని టైరు కిందపడి, రోడ్డెక్కి, పల్లంలోకి దొర్లి, సందు చివర బజ్జీల బండి కిందికి దూరింది. బండివాడు శనగపిండి గిన్నెతో సహా దాని మీద కూర్చుని కాస్త దూరం ప్రయాణం చేశాడు.

వాడికి సర్దిచెప్పి, బజ్జీలన్నీ కొని, తిని వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. "అమ్మా, ఇక ఎగురు తల్లీ" అని ఫణీంద్ర దణ్ణం పెట్టాడు.

అప్పుడు వళ్ళెమ్మవ్వ, "అసలు సంగతి మర్చిపోయాం కదర్రా!" అంది. "ఆవేళ ఎగిరి పడ్డాక వీడి చెయ్యి విరిగింది. పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టించాం. అచ్చం అలాగే అంటే, పిల్లకి కూడా..."

అందరూ పూజిత చేతుల వైపు చూశారు. పూజిత చేతులు వెనక్కి దాచుకుంది. "నాయనా, విరిగితే వచ్చే నెల పోటీ ఎలా?"

నాగరత్నకి కన్నప్రేమ పొంగింది. "నా బిడ్డ చెయ్యి ఎందుకు విరగ్గొట్టాలి? కట్టు ముందే కట్టించేద్దాం. ఇంక విరగాల్సిన పనేముంది?"

ఆ తెలివికి దొరసామి కళ్ళు చెమర్చాయి. ఫణీంద్ర నోరు తెరిచేలోపల ఆటో వెళ్ళింది, పుత్తూరు నుంచి కట్టు కట్టే మొగిలప్పని ఎక్కించుకుని వచ్చింది. వెదురుబద్దలు, గుడ్డ, కోడిగుడ్డు సొన, ఆకు పసరు అన్నీ పరిచి మొగిలప్ప, "ఎక్కడమ్మా నొప్పి?" అన్నాడు.

"ఇంకా రాలేదన్నా" అంది పూజిత.

"ఏ చెయ్యి విరిగింది?"

"ఇంకా ఎగరలేదన్నా."

మొగిలప్ప తన అనుభవంలో ఇలాంటి కేసు చూడలేదు. అయినా వచ్చినందుకు ఎడమ చేతికి కట్టాడు. కట్టయ్యాక దొరసామికి తనది కుడి చెయ్యేమోనని అనుమానం వచ్చింది. కుడి చేతికీ కట్టాడు. ఇంకేముంది, పూజిత రెండు చేతులూ బారజాపుకుని చేలో దిష్టిబొమ్మలా నిలబడింది. ముక్కు మీద ఈగ వాలితే వళ్ళెమ్మవ్వ తోలాల్సి వచ్చింది.

పొద్దు వాలుతోంది. మెట్లు కొట్టేవాళ్ళు అప్పుడే గడ్డపారలు తెచ్చి గోడకి ఆనించారు. అది చూసి పూజిత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుందామంటే చెయ్యి వంగదు.

ఫణీంద్ర మెట్ల మీద కూలబడ్డాడు. ఉన్నట్టుండి అతని బుర్రలో ఏదో వెలిగింది. లేచి ఫోటో తెచ్చి దొరసామి ముందు పెట్టాడు.

"అంకుల్, ఈ ఫోటోలో మీ చేతికి కట్టుందా?"

దొరసామి దగ్గరగా పెట్టుకుని చూశాడు. దూరంగా పెట్టి చూశాడు. "లేదే!"

"లేనిది ఎలా పెడతారు?"

"ఒసే నాగరత్నా, ఈ పిల్లోడికి తెలివొచ్చింది! విప్పండి, విప్పండి!"

కట్లు విప్పారు. పూజిత బోర్డు తీసుకుని మెట్లెక్కింది. ఎక్కి, ఆగిపోయింది.

"మళ్ళీ ఏమైంది తల్లీ?"

"ఫోటోలో నాయన కింద పడలేదు సార్, పైనే ఉన్నాడు. నేను ఎగిరాక దిగకుండా ఉండేదెలా?"

నాగరత్న అప్పటికే తాడు కోసం బయలుదేరింది. ఫణీంద్ర ఈసారి కంగారు పడలేదు. "ఫోటోలో తాడు లేదు ఆంటీ" అన్నాడు. తర్వాత పూజితతో మెల్లగా, "నువ్వు ఎగురు. పైనున్నంతసేపు నేను చూస్తాను. కెమెరా టక్కుమనగానే అటు తిరిగిపోతాను. నేను చూడనిది ఫోటోలోకి రాదు. నీ ఇష్టమొచ్చినట్టు దిగు" అన్నాడు.

పూజిత ఆలోచించింది. సబబుగానే ఉంది.

పరుగెత్తింది. బోర్డు టకటకలాడింది. అంతే, మెట్ల అంచు దగ్గర నేల వదిలేసింది. ఒక మోకాలు మడిచి, ఒక చెయ్యి ఆకాశంలోకి చాచి, నాలిక పళ్ళ మధ్య బిగించి. ఎవరూ నేర్పలేదు ఆ నాలిక. గడ్డపారల వాళ్ళు కూడా బీడీలు కింద పడేసుకున్నారు.

దొరసామి చప్పట్లు కొట్టలేదు. "అమ్మా, అది నేనే కదా" అన్నాడు.

"నువ్వే రా" అంది వళ్ళెమ్మవ్వ. "కాకపోతే ఇది సరిగ్గా దిగింది."

కంపెనీ వాళ్ళు ఫోటో చూసి మురిసిపోయారు. బోర్డు తయారైంది. పోటీ రోజు కుటుంబమంతా బెంగుళూరు వెళ్ళింది. ఇంత ఎత్తున సిమెంటు వాలు, చుట్టూ జనం, మైకులో పూజిత పేరు. ఫణీంద్ర కొత్త బోర్డు తెచ్చి చేతిలో పెట్టాడు. అడుగున ఒక పక్క నాయన, ఒక పక్క తను, మధ్యలో తన పేరు. పూజిత దాన్ని కళ్ళకద్దుకుంది. కింద పెట్టింది. కాలెత్తింది.

కాలు గాల్లోనే ఆగిపోయింది.

"కానీవమ్మా, టైమైపోతోంది!" అన్నాడు ఫణీంద్ర.

"కాలెలా పెట్టేది సార్? కింద నాయనున్నాడు!"

"ఫోటో అడుగున ఉంది తల్లీ, నీ కాలు తగలదు!"

"కన్నతండ్రిని కాళ్ళ కిందేసుకుని చక్రాల మీద ఈడుస్తుందా?" నాగరత్న చెంపలు వాయించుకుంది. "మొగుడాయె, నేనూ పెట్టకూడదు."

"నన్ను నేను తొక్కుకుంటే ఆయుక్షీణం" అన్నాడు దొరసామి.

మైకులో మళ్ళీ పిలిచారు. నెల రోజులుగా పూజిత కలలోకొచ్చిన బోర్డు కాళ్ళ ముందుంది, కాలు పెట్టడానికి లేదు. ఫణీంద్ర బుర్ర గోక్కున్నాడు. ఈసారి అందులో ఏమీ వెలగలేదు.

అప్పుడు వళ్ళెమ్మవ్వ ముందుకొచ్చింది. అందరినీ జాలిగా చూసింది.

"వాణ్ణి కన్నది నేను. చిన్నప్పుడు కాళ్ళ మీదేసుకునే నీళ్ళు పోశాను. నా కాలు తగిలితే వాడికి దోషమేంటర్రా?"

"అవును కదా!" అన్నారు ముగ్గురూ.

ఇంకేముంది, అవ్వ చీర కుచ్చిళ్ళు పైకి దోపింది, చెప్పులు విడిచి మనవరాలి చేతికిచ్చింది, బోర్డు మీద రెండు కాళ్ళూ పెట్టింది. వద్దవ్వా అని ఫణీంద్ర అరిచేలోపలే చక్రాలు కదిలాయి. సిమెంటు వాలు మీద జుయ్యిమని వళ్ళెమ్మవ్వ దిగుతుంటే జనమంతా లేచి నిలబడ్డారు. అవ్వ ఎవరినీ చూడలేదు. నడుం వంచి, కాళ్ళ కిందికి తొంగిచూస్తూ కేకేసింది.

"ఒరే దొరసామీ! బరువుగా ఉంటే చెప్పరా!"

పక్కనే గట్టు మీద పరుగెత్తుకుంటూ దొరసామి బదులిచ్చాడు.

"లేదమ్మా, బానే ఉంది! నువ్వు పోనీ!"