లెక్కకు రాని గరిటెలు

మండపేటలో సత్తిరాజు అనే పెళ్లివంటల మేస్త్రి ఉండేవాడు. ఊరందరి తిండికీ ముందే లెక్క కట్టేవాడు గానీ, తన తిండికి మాత్రం లెక్క చూసుకునేవాడు కాదు. వెయ్యి విస్తళ్లకు ఎన్ని వంకాయలు, ఎంత చింతపండు కావాలో నెల ముందే చీటీ రాసి ఇచ్చేవాడు. ఏ పెళ్లిలోనూ కూర తక్కువైందని మాట పడలేదు. ఆయన బరువు మాత్రం నూట ఆరు కిలోలు.

ఆయన చెల్లెలు మంగతాయారుకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు కాకినాడ వెళ్లి డయాలసిస్ చేయించుకునేది. ఇంట్లో ఇంకెవరి కిడ్నీ సరిపోలేదు, అన్నయ్యది సరిపోయింది. అయితే ఆరు నెలల్లో తొంభై కిలోలకు దిగితేనే ఆపరేషన్ చేస్తామని డాక్టరమ్మ షరతు పెట్టింది. ఒక కార్డు ఇచ్చి, ప్రతి ఆదివారం బరువు రాయమంది. రేపేం తినాలో ఇవాళే అనుకోమంది.

సత్తిరాజు కార్డు మడిచి జేబులో పెట్టుకున్నాడు. అది మాఘమాసం, పెళ్లిళ్ల మీద పెళ్లిళ్లు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, అప్పుడు ఒక్క ఊపున తగ్గుతానన్నాడు. ఈలోగా విస్తరి ముందు కూర్చోవడం మానేసి, తాను అన్నం తిని మూడు నెలలైందని అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. కానీ ప్రతి గుండిగ దగ్గరికీ వెళ్లి, గరిటెతో అరచేతిలో వేసుకుని రుచి చూసేవాడు. పులిహోర, గుత్తివంకాయ, పూర్ణం, పాయసం. బాగా కుదిరితే ఇంకోసారి చూసేవాడు. వంటవాడికి రుచి చూడటం పని, తిండి కాదు కదా! సరుకులు తూచే కాటా రోజూ పక్కనే ఉండేది. దాని మీద బియ్యం బస్తాలు ఎక్కాయి గానీ ఆయన ఎక్కలేదు.

ఆషాఢం వచ్చింది. నాలుగు రోజులు ఉత్త మజ్జిగతో గడిపి, అయిదో రోజు కళ్లు తిరిగి పడ్డాడు. శ్రావణంలో చెల్లెలితో ఆసుపత్రికి బయల్దేరే ముందు కార్డు తీసి, ఖాళీ గళ్లన్నీ ఒక్క పూటలో నింపేశాడు. చివరి గడిలో తొంభై అని రాశాడు. డాక్టరమ్మ కార్డు చూసి మెచ్చుకుని, ఆయన్ను బరువు యంత్రం ఎక్కించింది. నూట మూడు. ఈ బరువుతో ఆపరేషన్ కుదరదని ఆవిడ కార్డు తిరిగి ఇచ్చేసింది. చెల్లెలి వైపు చూడటానికి ఆయనకు మొహం చెల్లలేదు.

తిరుగు ప్రయాణంలో మంగతాయారే నోరు విప్పింది.

"అన్నయ్యా, వెయ్యి మందికి ఏం కావాలో నెల ముందే చెప్తావు. నీ ఒక్కడి లెక్క కట్టలేకపోయావా?"

మర్నాడే సత్తిరాజు కాటా ఎక్కాడు. ఆనాటి పెళ్లిలో రుచి చూసిన ప్రతి గరిటెకూ వంటశాల గోడ మీద బొగ్గుతో గీత గీశాడు. మధ్యాహ్నానికి నలభై ఒక్క గీతలు తేలాయి. వాటిని చూసి సిగ్గుతో కుంగిపోయాడు. రుచి చూసే పని తోటి వంటవాడికి అప్పగించాడు. సరుకుల చీటీ రాసినట్టే తన తిండికీ ముందురోజే చీటీ రాసుకున్నాడు. ప్రతి ఆదివారం కొత్త కార్డు మీద నిజం అంకె వేశాడు. మళ్లీ మాఘం వచ్చేసరికి ఎనభై తొమ్మిదికి దిగాడు.

ఆ కార్డు పట్టుకుని, చెల్లెలిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు. డాక్టరమ్మ ఇద్దరికీ పరీక్షలన్నీ చేయించింది. మంగతాయారు గుండె బాగా నీరసించిందని, ఇక ఆపరేషన్‌కు తట్టుకోలేదని చెప్పింది.

"పోయిన శ్రావణంలో అయితే చేసేవాళ్లం," అంది.

మంగతాయారు అన్న చేతిలోంచి కార్డు తీసుకుని, గళ్లన్నీ వరసగా చదివింది.

"చక్కగా తగ్గావన్నయ్యా," అంది.

జీవితంలో అంత చేదైన మెచ్చుకోలు సత్తిరాజు వినలేదు. ఆయన ఇప్పటికీ ప్రతి ఆదివారం కాటా ఎక్కుతాడు. ఆ అంకె ఎవరికీ అక్కర్లేదు.

నీతి: బరువు తగ్గదలచినవాడు మొదటిరోజే ఏర్పాటు చేసుకుని, నోట్లో పడిన ప్రతి ముద్దనూ నిజాయితీగా లెక్క రాసుకోవాలి, ఆలస్యంగా మేలుకుంటే బరువు తగ్గుతుందేమో గానీ, దాటిపోయిన రోజులు తిరిగి రావు.