మేక దాచిన ఆకు

వానలు కాస్త తెరిపి ఇవ్వగానే నల్లకొండ అడవిలో పాటల పండగ మొదలవుతుంది. పెద్దరికం అంతా నెమలిది. పాడాలనుకున్నవాళ్ళు పొద్దున్నే వెళ్ళి వరసలో నిలబడాలి. నెమలి ఒక్కొక్కరికీ ఒక మోదుగాకు తీసి, ముక్కుతో మూడు చిల్లులు పొడిచి ఇస్తుంది. మొత్తం ముప్ఫై ఆకులు. ముప్ఫై ఒకటోది బతిమాలినా ఇవ్వదు. పేర్లు అడగడం, మొహాలు గుర్తుపెట్టుకోవడం దాని వల్ల కాదు. సాయంత్రం ఆకు ఎవరు తెస్తే పాట వాళ్ళది, అంతే.

ఆ ఏడాది ఆఖరి ఆకు తెలికిపాలెం నుంచి వచ్చిన ఒక బాతుకి దక్కింది. పేరు నీలవేణి. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండే బాతుకి ఆ పేరు పెట్టిన మహానుభావులెవరో తెలియదు. రెండేళ్ళుగా పండక్కి వస్తూనే ఉంది, రెండేళ్ళుగా ఆకులు అయిపోయాకే చేరుతోంది. బాతు నడక సంగతి చెప్పేదేముంది! ఈసారి ముందురోజే బయల్దేరింది. వెంట ఇద్దరు స్నేహితులు, మేకపోతు బింకయ్య, గానుగెద్దు అప్పన్న.

దారి పొడవునా బింకయ్యకి అప్పన్నే కాలక్షేపం.

“మావా, గానుగ ఎన్నేళ్ళు తిప్పావు?”

“పన్నెండేళ్ళురా అల్లుడూ.”

“పన్నెండేళ్ళు నడిచి ఎంతదూరం వెళ్ళావు? బయల్దేరిన చోటికే! మా తాత అంత దూరం నడిచుంటే ఈపాటికి కాశీ వెళ్ళి తిరిగొచ్చేవాడు.”

అప్పన్న కూడా నవ్వాడు. ఊళ్ళోకి నూనె మిల్లు వచ్చి గానుగ ఆగిపోయినా, పనిచేసేటప్పుడు కట్టుకునే కంటి గంతలు మాత్రం ఆయన వదల్లేదు. కొమ్ముకి వేలాడేసుకుని పండక్కి కూడా తెచ్చాడు. “జాతరకొచ్చి కళ్ళు మూసుకుంటావా?” అని బింకయ్య దానికీ ఆటపట్టించాడు. “మధ్యాహ్నం కునుకు తీయడానికి వీటికి మించినవి లేవురా” అన్నాడు అప్పన్న.

ఆకు చేతికొచ్చాక నీలవేణి ఏడ్చినంత పని చేసింది. ఆ వెంటనే బెంగ పట్టుకుంది.

“నా దగ్గరుంటే తడిసి ముద్దయిపోతుంది. నీళ్ళు కనబడితే నేను ఆగలేను. బింకయ్య బావా, సాయంత్రం దాకా నువ్వు దాచిపెడతావా?”

అప్పన్న నెమరు వేయడం ఆపేశాడు. “మేకకి ఆకు ఇచ్చి దాచమంటావేంటే, పిచ్చిమొహమా!”

“అంత లోకువైపోయానా మావా?” బింకయ్య గడ్డం పైకెత్తాడు. “నా గడ్డం మీద ఒట్టు. తినను. నోరు పెట్టను. వాసన కూడా చూడను.”

పైకి బింకంగానే అన్నాడు గానీ లోపల వాడి మనసు మెత్తబడిపోయింది. పుట్టి బుద్ధెరిగాక వాణ్ణి నమ్మి ఎవరూ ఏదీ దాచమనలేదు. తినేవి సరే, తిననివి కూడా. నీలవేణి ఆకును సన్నని తీగతో వాడి కొమ్ముకి కడుతుంటే ఊపిరి బిగబట్టి, కదలకుండా నిలబడ్డాడు.

పాటలు సాయంత్రం. అందాకా ఒళ్ళు వాల్చడానికి పాటలు పాడే మైదానం పక్కనే నక్క గవరయ్య హోటల్ ఉంది. గవరయ్య గుమ్మంలోనే నిలబడి, వచ్చినవాళ్ళందరినీ బావగారూ బావగారూ అంటూ లోపలికి లాగేస్తున్నాడు. వీళ్ళకి పై గది ఇచ్చాడు. అప్పన్న గుమ్మంలో ఇరుక్కున్నాడు. వెనక నుంచి బింకయ్య కొమ్ములతో పొడిస్తే లోపలికి పడ్డాడు, తలుపు చట్రంతో సహా. తాగడానికి పెట్టిన తొట్టిలోకి నీలవేణి దూకేసి సాధన మొదలుపెట్టింది. ఇక పరుపు మెత్తటి ఎండుగడ్డిది. అప్పన్న గంతలు కట్టుకుని పడుకున్న కాసేపటికే ఒక పక్క ఒరిగిపోయాడు.

“ఒరే, పరుపు తింటున్నావా?”

“ఆకు జోలికి పోకుండా ఉండాలంటే వేరే ఏదో ఒకటి నమలాలి కదా మావా!”

“నీ నిగ్రహం తగలెయ్య” అని అప్పన్న ఉత్త నేల మీదే గుర్రు పెట్టాడు.

బింకయ్యకి గదిలో కాలు నిలవలేదు. ఆకు కొమ్ముకి కట్టుకుని, దాన్ని తినకుండా ఉన్న మేక లోకంలో తనొక్కడే. ఆ సంగతి నలుగురికీ తెలియకపోతే ఎలా? కిందకి దిగి వీధులన్నీ తిరిగాడు. తిరిగి తిరిగి హోటల్ వెనకున్న పందెం పాక దగ్గర తేలాడు.

అదీ గవరయ్యదే. పాక మధ్యలో తిరగలి రాయిలా పడుకోబెట్టి తిప్పే పెద్ద చక్రం. అంచు మీద ఎనిమిది బొమ్మలు చెక్కి ఉన్నాయి. చేప, తామర, తేనెపట్టు, చందమామ, అలా. ఆఖరిది తేలు. పక్కన పాతిన గుంజకి ఒక ముల్లు. చక్రం ఆగినప్పుడు ముల్లు దగ్గరున్న బొమ్మే గెలిచిన బొమ్మ. చక్రానికి నాలుగు పక్కలా తోయడానికి కర్రలు. గవరయ్య కొంచెం దూరంలో పీట వేసుకుని కూర్చుని, గొంతు చించుకుని అరుస్తున్నాడు.

“చక్రం నాది, చెయ్యి మీది! ఎవరైనా తిప్పొచ్చు, ఎలాగైనా తిప్పొచ్చు, ఎంతసేపైనా తిప్పొచ్చు! నేను చక్రాన్ని ముట్టుకుంటే నా మీసం గొరిగించుకుంటా!” అంతలో బింకయ్యని చూసి కళ్ళు పెద్దవి చేశాడు. “ఓరి నాయనో! మేక కొమ్ముకి ఆకు! అదీ చెక్కుచెదరకుండా!”

అంతే. బింకయ్య కరిగిపోయాడు. ఈ అడవిలో తన గొప్పతనం గుర్తించినవాడు గవరయ్య ఒక్కడే.

మొదట మెడలోని పూసల దండ పెట్టి చేప మీద ఆడాడు. చేపే పడింది. గుప్పెడు అవిసాకు గెలిచాడు. తర్వాత తామర మీద ఆడాడు. బెల్లం ముక్క గెలిచాడు. అప్పుడు గవరయ్య పాక మూలనున్న పచ్చటి అవిసె మోపు చూపించాడు.

“ఈసారి గెలిస్తే అది మొత్తం నీదే బావగారూ. ఆ దండ సరిపోదు మరి. ఆ ఆకు పెట్టు.”

“అమ్మో! ఇది మా నీలవేణిది. ఒట్టేశాను.”

“ఏమని వేశావు?”

“తిననని.”

“మరి తినమంటున్నానా? పెట్టమంటున్నాను. రెండుసార్లు గెలిచినవాడివి, మూడోసారి ఎందుకు ఓడతావు?”

బింకయ్య ఆలోచించాడు. ఆలోచన అంతా మోపు వైపు నుంచే వచ్చింది. అప్పన్న మావకి కడుపునిండా అవిసె పెట్టొచ్చు, పరుపు తిన్న పాపం పోతుంది. ఆకుని మళ్ళీ చేప మీద పెట్టి, చక్రాన్ని బలంగా తోశాడు. అది గిరగిరా తిరిగి, నెమ్మదించి, చేప దాకా రాబోయి, ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు తేలు దగ్గరే ఆగిపోయింది.

గవరయ్య ఆకు విప్పుకున్నాడు. “మా తోడల్లుడి ఊళల బృందానికి ఆకు దొరకలేదు పాపం. నీ పుణ్యమా అని ఇవాళ పాడతారు.”

బింకయ్య పారిపోదామనుకున్నాడు. వాగు దాకా వెళ్ళాడు కూడా. అక్కడికి కూడా హోటల్ పైగదిలోంచి నీలవేణి పాట వినబడుతోంది. ఒకే చరణం, మళ్ళీ మళ్ళీ, తప్పు పోయేదాకా. వాడు వెనక్కి తిరిగాడు. గదిలోకి వెళ్ళి, తొట్టిలో ఉన్న నీలవేణికి వినబడకుండా అప్పన్న చెవిలో అన్నాడు.

“మావా, ఆకు తినలేదు.”

“మంచిది.” గంతలు తీయకుండానే అన్నాడు అప్పన్న.

“నోరు కూడా పెట్టలేదు.”

“మంచిదేరా.”

“కానీ లేదు.”

అప్పన్న లేచి కూర్చున్నాడు. జరిగిందంతా విన్నాడు. తిడతాడనుకుని బింకయ్య కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తిట్టలేదు. “పద, ఆ చక్రం చూపించు” అన్నాడంతే. ఆ మాటకే బింకయ్యకి ఏడుపొచ్చింది.

పందెం పాకలో అప్పన్న చక్రం చుట్టూ ఒకసారి నిదానంగా నడిచాడు. ముల్లు ఇంకా తేలు దగ్గరే ఉంది. గవరయ్య ఎవరితో మాట్లాడుతున్నా కుడికాలు మాత్రం ఒక గడ్డి దుబ్బులోంచి కదపట్లేదు. అప్పన్న దాన్నీ చూశాడు, మిగతావన్నీ చూసినట్టే.

“నేనూ ఆడతాను. గెలిస్తే ఆ ఆకు ఇచ్చెయ్యాలి.”

“ఓడితే?”

“ఈ ఏడాదంతా నీ హోటల్‌కి వాగు నుంచి నీళ్ళు మోస్తాను.”

“వద్దు మావా!” బింకయ్య అడ్డం పడ్డాడు. “ఓడింది నేను. నీళ్ళు నేను మోస్తాను, ఇంటికి పద!”

“నువ్వు మోస్తే నీలవేణికి పాట వస్తుందా?” అన్నాడు అప్పన్న. “తప్పుకోరా.”

గవరయ్య నాలుకతో మీసాలు సవరించుకున్నాడు. ఎద్దు చాకిరీ ఊరికే వస్తుంటే వద్దంటాడా? “ఏ బొమ్మ బావగారూ?”

“ముల్లు ఇప్పుడు ఏ బొమ్మ దగ్గరుంది?”

“తేలు.”

“అయితే తేలే.”

పాకంతా గొల్లుమంది. వరసగా రెండుసార్లు ఒకే బొమ్మ పడటం అక్కడ ఎవరూ చూడలేదు. అప్పన్న తాపీగా బింకయ్య వైపు తిరిగాడు. “గంతలు కట్టరా. కళ్ళు తెరుచుకుని గుండ్రంగా తిరిగితే నాకు తల తిరుగుతుంది.”

నవ్వీ నవ్వీ ఒక కోతి చూరు మీంచి కిందపడింది. బింకయ్య మాత్రం జాగ్రత్తగా గంతలు కట్టాడు. ఒక్క మాట కూడా ఎగతాళి రాలేదు వాడికి.

అప్పన్న చక్రాన్ని తోయలేదు. కర్రకి మెడ ఆనించాడు. పన్నెండేళ్ళు గానుగకి ఎలా ఆనించాడో అలాగే. నడవడం మొదలుపెట్టాడు. చక్రం గిరగిరా తిరగలేదు, ఎద్దుతో పాటు నడిచింది.

“ఇదేంటి? తిప్పమంటే నడుస్తావేంటి?” అన్నాడు గవరయ్య.

“నాకు తెలిసిన తిప్పడం ఇదే బాబూ. ఎలాగైనా తిప్పొచ్చన్నావుగా.”

గవరయ్య కుడికాలు గట్టిగా బిగించాడు. గడ్డి దుబ్బులో వాడి కాలికి ఒక తాడు. దాని రెండో చివర మట్టి కింద నుంచి వెళ్ళి చక్రం ఇరుసుకి చుట్టుకుని ఉంది. కాలు లాగితే తాడు బిగుసుకుని చక్రం వాడు కోరిన చోట ఆగుతుంది. ఒకసారి తోసి వదిలేసిన చక్రమైతే ఆగేదే. నువ్వుల గానుగ లాగిన మెడకి ఆ తాడు ఒక లెక్కా? ఇరుసు తాడుని చుట్టేసుకుంది. తాడు గవరయ్యని లాక్కుంది. పీట ఒక పక్క, వాడొక పక్క. చూస్తుండగానే చక్రం కిందికి ఈడ్చుకుపోయి, దాంతో పాటే తిరగడం మొదలుపెట్టాడు.

“ఆపండి! బావగారూ, ఆపండి!”

“ఎవరో ఆపమంటున్నారేంట్రా?” గంతల కింద నుంచి అడిగాడు అప్పన్న.

“ఎవరో గిట్టనివాళ్ళు మావా” అన్నాడు బింకయ్య. “ఎంతసేపైనా తిప్పొచ్చట. నువ్వు కానీ.”

అప్పన్న పెదాలు కదులుతున్నాయి. చుట్టుకి పద్నాలుగు అడుగులు, ఇందాక నడిచి చూసుకున్నాడు. మూడు చుట్లు తిరిగాడు. గానుగలో నువ్వుల బుట్ట పెట్టే చోట ఆగినట్టు, టక్కున ఆగాడు.

బింకయ్య ముల్లు వైపు చూశాడు. తేలు. సరిగ్గా తేలు నడుం మీద.

“ఎక్కడికి చేరానురా?”

“బయల్దేరిన చోటికే మావా!” అన్నాడు బింకయ్య. దారిలో అదే మాట ఎలా అన్నాడో గుర్తొచ్చి, ఆయన గంతలు తనే విప్పాడు.

చక్రం కింద నుంచి గవరయ్యని బయటకి లాగారు. కాలికి తాడు అలాగే ఉంది. అది ఎక్కడిదని ఎవరూ అడగనక్కర్లేకపోయింది. ఓడినవాళ్ళందరూ ఎవరి వస్తువులు వాళ్ళు తీసుకున్నారు. చూరు మీంచి పడ్డ కోతి కత్తెర తెచ్చి, మీసం సంగతి గుర్తుచేసింది. గవరయ్య తల తిరుగుడు తగ్గక ఇంకా గుండ్రంగానే నడుస్తుండటంతో ఒక పక్క మీసమే తీయగలిగింది.

పొద్దు వాలుతుండగా ఆఖరి పాట నీలవేణిది. ఆమె గొంతు కోయిలది కాదు, బొంగురు. మొదటి మాటకి ఎవరో కిసుక్కుమన్నారు. కానీ ఆమె పాడింది తొలకరి గురించి. ఎండిన కుంటలో మొదటి చినుకు పడ్డప్పుడు ఒక బాతు పిల్ల ఎలా నిలబడిపోయిందో, ఏం అనుకుందో. అప్పన్న అలవాటుకొద్దీ కాళ్ళు కదిపాడు. ఆ అడుగుల చప్పుడే తాళమైంది. నవ్వినవాళ్ళు తల ఊపారు. నెమలి పురి విప్పడం మర్చిపోయి విన్నది.

పాట అయ్యాక బింకయ్య ఉండబట్టలేకపోయాడు. “నీలవేణీ, ఇవాళ మధ్యాహ్నం నేను...”

“తెలుసు బావా. అంత గోల జరిగితే తొట్టిలో ఎలా ఉంటాను? వచ్చి జనం వెనకాల నిలబడ్డాను.”

“మరి ఏమీ అనలేదే?”

“నువ్వు చెప్తావో లేదో చూద్దామని.” నెమలి తిరిగిచ్చిన ఆకును ఆమె వాడి ముందు పెట్టింది. “దీని పని అయిపోయింది. ఆకలేస్తోంది కదా, ఇప్పుడు తిను.”

బింకయ్య తినలేదు. “నీకు దండం పెడతాను మావా. నీకూ, నీలవేణీ” అన్నాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు అప్పన్న గంతలు తన కొమ్ముకే తగిలించుకుని, వెనకాలే నడిచాడు.

ఇప్పటికీ తెలికిపాలెం దొడ్లో, మేక కట్టుకొయ్యకి పైన ఒక ఎండిపోయిన మోదుగాకు వేలాడుతుంది, మూడు చిల్లులతో. వాన పడే సాయంత్రాల్లో కాళ్ళు పట్టేసి అప్పన్న పాత గానుగ చుట్టూ నాలుగు అడుగులు వేస్తుంటాడు. బింకయ్య కూడా ఆయన పక్కనే తిరుగుతాడు, ఎక్కడికి మావా అని అడక్కుండా.

తిరిగిన చోటే తిరుగుతాడని స్నేహితుణ్ణి చూసి నవ్వకండి. మనం దారి తప్పిన రోజున మనల్ని వెనక్కి తెచ్చేది ఆ అడుగులే.