ఎల్దాదు తాత చెప్పిన జోస్యం

అనగనగా సముద్రపు ఒడ్డున ఒక కొండపట్నం. పట్నానికో రాజు, రాజుకు ముగ్గురు కొడుకులు.

ఏడు సముద్రాల అవతలి నుంచి బెల్‌నాదు అనే మాంత్రికుడు వచ్చాడు. రాజును చంపాడు. పెద్దవాణ్ణి పట్టుకుపోయి రాయి చేశాడు. రెండోవాణ్ణీ అంతే. "మూడోవాడు తనంతట తనే రావాలి. రాకుంటే పట్నం కాల్చేస్తా" అని కబురంపాడు.

రాణి తిర్సా ఏడవలేదు. ఏడవడానికి నీళ్లు మిగల్లేదు.

మాంత్రికుడి ప్రాణం ఒక చిలకలో ఉందని లోకమంతా ఎరుగును. ఆ చిలక ఎక్కడుందో మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ పట్నంలో ఒక ఆచారం. రాబోయే రోజుల గురించి ఎవరూ సొంత పేరుతో రాయరు. ఎప్పుడో పోయిన పెద్దల పేరు పెడతారు. మాట నిలబడాలంటే దానికి వయసుండాలి అనేవారు.

తిర్సా మేకతోలు పరిచింది. దీపపు మసితో సిరా కలిపింది. "రెక్కల సింహం లేచింది, పోయింది. ఎలుగు లేచింది, పోయింది. కొమ్ముల మృగం బెల్‌నాదు లేస్తాడు, వాడూ పోతాడు. దాచుకున్నది చేజారుతుంది" అని రాసింది. కింద ఎల్దాదు తాత పేరు పెట్టింది. ఆయన పోయి ఏడు తరాలు.

"కత్తి ఇవ్వవా అమ్మా?" అన్నాడు చిన్నవాడు యోతాము.

"తాత మాట ఇది. వాడి ముందు చదువు. చదివి ఊరుకో."

రోజూ ఆమె చేతి రొట్టె తినే మాటలకాకిని తోడు పంపింది.

కొన్నాళ్లకు కాకి వచ్చింది. "నవ్వాడమ్మా, పొట్ట పట్టుకుని! 'ఎవడ్రా రాసింది, తల తీయిస్తా' అన్నాడు. 'మా తాత. ఆ తల ఎప్పుడో మట్టిలో కలిసింది' అన్నాడు మనవాడు."

తిర్సా రొట్టెముక్క పెట్టింది.

మళ్లీ వచ్చింది. "ఇప్పుడు నవ్వడం లేదు. తిండి లేదు. 'చచ్చినవాణ్ణి ఎలా చంపేది? నేను పుట్టకముందే నా సంగతి వాడికెలా తెలుసు?' అని ఒకటే గోల."

"నిద్ర?"

"ఎక్కడిది!"

"ఇక వెళ్తాడు. భయపడ్డవాడు దాచుకున్నదాన్ని తడిమి చూసుకోకుండా ఉండలేడు. వాడి వెనకే ఎగురు."

మూడోసారి కాకి రాలేదు. తిర్సా పిండి కలపబోయింది. నీళ్లు ఎక్కువ పోసింది. పారబోసింది. మళ్లీ కలిపింది.

చివరికి ఓడ వచ్చింది. తెరచాప కొయ్య మీద కాకి. ముందు పెద్దవాడు దిగాడు. తర్వాత రెండోవాడు. తర్వాత యోతాము. వాడి పక్కన, మాంత్రికుడు చెరబట్టిన రాకుమారి మిల్కా. ఆమె భుజం మీద చిలక.

"ఏడో దీవిలో ఈతచెట్టు తొర్రలో దాచిన చిలక పంజరాన్ని వాడు తడిమి చూసుకున్నాడమ్మా" అన్నాడు యోతాము. " కాకి చూసి చెప్పింది. వాడటు పోగానే పంజరం తలుపు తీశా. చిలక వాడి ప్రాణాన్ని గాలికి వదిలేసింది. వాడు కూలాడు, రాళ్లు లేచాయి!"

"ఆ పాడు ప్రాణం మోయలేక నా రెక్కలు పడిపోయాయి" అంది చిలక.

"మేం రాళ్లయి ఉంటే విడిపించ వచ్చినవాడే రాజు" అన్నారు అన్నలిద్దరూ. యోతాము మిల్కాను పెళ్లాడి, తల నెరిసేదాకా చల్లగా ఏలాడు.

కానీ ఆ రోజు, ఓడ దిగిన రోజు, వాడు తల్లి పక్కన కూర్చుని "ఎల్దాదు తాత ఎంత గొప్పవాడమ్మా!" అన్నాడు.

తిర్సా మసి వదలని వేళ్లను కొంగులో దాచుకుంది.

"గొప్పవాడే నాన్నా. తిను, రొట్టె చల్లారిపోతోంది."