ముళ్లు పంచిపెట్టిన అభ్యర్థి

అనగనగా ఒక అడవిలో, తెల్లారేసరికి పాలమీగడలా మంచు పేరుకునే లోయ ఒకటి ఉండేది. ఆ మంచులో చెట్లు కనిపించవు, మాటలు మాత్రం తేలుతూ వస్తాయి. ఎవరో దగ్గుతారు. ఎవరో నవ్వుతారు. అంతా కలలో జరుగుతున్నట్టే ఉంటుంది. లోయ మధ్యలో ఒక వాగు. అందరి దాహానికీ ఆ నీళ్లే దిక్కు.

ఆ ఏడు కొండమీది శాసనసభకు ఎన్నికలు వచ్చాయి. లోయకు ఒక్క సభ్యుడు. ఈసారి సభలో తేలాల్సింది వాగు సంగతే. ఎగువనున్న అడవిపందులు వాగుకు అడ్డుకట్ట వేసి, పొర్లాడడానికి పెద్ద బురదగుంట చేసుకుంటామంటున్నాయి. కట్ట పడిందంటే కింద లోయకు చుక్క నీరు రాదు.

"ఏదులయ్యా, నువ్వే నిలబడాలి" అంది ముసలి కుందేలు చెవులవ్వ.

ఏదులయ్య ఒక ముళ్లపంది. ఒకప్పుడు ఆ పందులే లోయలోని దుంపల మీద పడబోతే, దారికి అడ్డంగా నిలబడి ముళ్లు గలగలలాడించాడు. అంతే, పందులు వచ్చినదారి పట్టాయి.

ఏదులయ్యకు ఆశ పుట్టింది. ఇక పట్టపగలే కలలు! మంచుకు పైన, ఎండలో మెరిసే సభాశిల మీద తాను నిలబడి ఉన్నట్టు, అడవి అడవంతా జేజేలు కొడుతున్నట్టు.

పోటీకి నెమలి పింఛమయ్య దిగాడు. ఇంటింటికీ వెళ్లి ఆడేవాడు, రాలిన ఈక ఒకటి చేతిలో పెట్టేవాడు. పిల్లలు అతని మెడ పట్టుకుని వేలాడేవారు. ఏదులయ్య వెళ్తే మాత్రం తల్లులు పిల్లల్ని వెనక్కి లాక్కునేవారు. పాపం, అతనికి ఏడుపొచ్చేది.

ప్రచారం చూసుకునే గోరింక అంది, "అన్నా, నువ్వంటే గౌరవమే. దగ్గరికి రావాలంటేనే భయం. పింఛమయ్య ఈక ఇస్తుంటే నువ్వో ముల్లు ఇవ్వరాదూ?"

నెమలి ఇచ్చేది రాలిన ఈక. ఏదులయ్య ఇవ్వాల్సింది పీకిన ముల్లు. ఆ తేడా ఇద్దరికీ తట్టలేదు చూశారా!

"ఒక్క ముల్లేగా" అనుకున్నాడు ఏదులయ్య.

మొదట ఉడుతల ఇంటికి వెళ్లాడు. ముల్లు ఇస్తే ఉడుతమ్మ దాంతో తోక దువ్వుకుంది. "మా మామయ్య ఎంత మంచోడో!" అని పిల్లలు ఎగిరి గంతేశారు.

తర్వాత పావురాల ఇంటికి వెళ్లాడు. "గూటికి బాగా పనికొస్తుందన్నా, ఇంకో రెండు ఇవ్వవా?" అంది పావురం. ఇచ్చాడు.

ఆ తర్వాత చెవులవ్వ ఇంటికి వెళ్లాడు. "నాకొద్దు నాయనా. నీ వీపు మీదే ఉండనీ" అంది అవ్వ.

ఏదులయ్య ముఖం చిన్నబోయింది. అవ్వ తనకు ఓటెయ్యదేమోనని భయపడి, పక్కింటివాళ్లకు నాలుగు ఎక్కువే ఇచ్చాడు.

రోజులు గడిచాయి. పిల్లలు అతని వీపెక్కి ఆడుకోసాగారు. ఒళ్లు దూదిలా తేలికైపోయింది. మంచులో నడుస్తుంటే కాళ్లు నేలకు తగలనట్టే ఉండేది. అంత హాయి అతను ఎన్నడూ ఎరగడు.

ఓట్ల రోజు వచ్చింది. ఆ లోయలో ఓటంటే వాగులో ఆకు వదలడమే. ఏదులయ్యకు మోదుగాకు, పింఛమయ్యకు టేకాకు. వాగు మలుపులో కొంగ ఒంటికాలిమీద నిలబడి లెక్కపెట్టింది. తెల్లటి మంచులోంచి మోదుగాకులు ఒకదాని వెనక ఒకటి మెల్లగా వస్తూనే ఉన్నాయి. ఏదులయ్య గెలిచాడు!

సభలో ఒక పద్ధతి ఉంది. శిల మీద నిలబడినంతసేపే మాటకు విలువ. కాలు జారి కిందపడితే ఆ మాట చెల్లదు. పక్కనుంచి భుజంతో నెట్టడం అక్కడ తప్పు కాదు.

ఏదులయ్య శిల ఎక్కి, "వాగు అందరిదీ..." అన్నాడో లేదో, అడవిపంది కోరయ్య దగ్గరికి వచ్చాడు. ఏదులయ్య అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి వీపు విదిలించాడు.

చప్పుడే రాలేదు.

"ఏం పెద్దాయనా, చలేస్తోందా?" అని నవ్వి, కోరయ్య ఒక్క నెట్టు నెట్టాడు. ఏదులయ్య కిందపడ్డాడు. అడ్డుకట్టకు సభ సరేనంది.

అతను లోయకు దిగేసరికి అందరూ మంచులో ఎదురుచూస్తున్నారు. సంగతి విని, ముళ్లు తీసుకున్నవాళ్లెవరూ తలెత్తలేదు.

"ముళ్లు లేకపోతేనేగా మీరంతా నా దగ్గరికొచ్చారు!" అని ఏదులయ్య భోరున ఏడ్చాడు.

చెవులవ్వ అతని బోడి వీపు నిమిరింది. "మా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు నాయనా. పందుల్ని దగ్గరికి రానివ్వవనే నిన్ను పంపాం."

ఏడాది తిరిగేసరికి ఏదులయ్యకు ముళ్లు మొలిచాయి. అప్పటికి వాగు ఎండిపోయింది. లోయ జనమంతా పిల్లల్ని వీపున వేసుకుని, నీళ్లు వెతుక్కుంటూ వెళ్లిపోయారు.

నీతి: పదిమందికీ నచ్చాలని తన బలాన్ని వదులుకున్నవాడు, ఆ పదిమందికీ అవసరమైన రోజున నిలబడలేడు.