లైట్‌హౌస్ చుట్టూ మూడు చుట్లు

కదలకుండా కూర్చుని వినండర్రా అని నేను అనను. ఈ కథని కాళ్ళూ చేతులూ ఆడిస్తూనే వినండి. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

అనగనగా, మబ్బులకన్నా ఎత్తున, మంచుకొండల నడుమ ఒక సరస్సు. ఆ సరస్సులో ఒక బాతుల గుంపు. మన చెరువుల్లో ఈదే బాతులు కావు. కొండల మీదుగా ఎగిరే అడవి బాతులు. బూడిద రంగు ఒళ్ళు, తల వెనక రెండు నల్ల గీతలు.

చలికాలం వస్తే ఆ సరస్సు గడ్డకట్టిపోతుంది. తిందామంటే గడ్డిపరక ఉండదు. అందుకని బాతులన్నీ దేశం దాటి, కొండలు దాటి, మన సముద్రపు ఒడ్డుకి వస్తాయి. మనకేమో అది పక్క ఊరు. వాటికి పరదేశం! నాలుగు నెలలుండి, ఎండలు ముదరకముందే మళ్ళీ ఇంటిదారి పడతాయి.

ఆ ఊరి పేరు నీలాలరేవు. ఇసుక తిన్నెలు, సరుగుడు తోటలు, ఎర్రా తెల్లా చారల లైట్‌హౌస్. ఊళ్ళో ఎవరికీ ఏ తొందరా లేదు. పొద్దున ఇడ్లీల బండి, సాయంత్రం బజ్జీల బండి. షికారుకొచ్చిన జనం ఈ బాతుల్ని చూసి మురిసిపోయి మరమరాలు, మొక్కజొన్న గింజలు, మిరపకాయ బజ్జీ ముక్కలు విసిరేవారు. కారం కదా అంటారా? పక్షులకి కారం తెలీదర్రా! ఎన్ని వేస్తే అన్నీ గుటుక్కుమనిపించేవి.

ఇక చూడండి వాటి వైభోగం. తినడం, ఇసుకలో పడుకోవడం, లేచి మళ్ళీ తినడం. ఎగరడమన్న మాటే మర్చిపోయాయి. బండి ఆ చివరికి కదిలితే, వెనకాలే నడుచుకుంటూ పోయేవి. గుంపుకి పెద్ద మేఘయ్య అయితే ఆ నడక కూడా దండగనుకున్నాడు. ఏకంగా బండి కప్పు మీదెక్కి కూర్చునేవాడు. వెయ్యి కోసులు ఎగిరొచ్చిన బాతు, బజ్జీల బండెక్కి ఊరేగడం! ఎక్కడైనా విన్నామా ఇలాంటి వింత?

ఆ గుంపులో పొన్నారి అని ఒక ఆడబాతు ఉంది. దానికి మాత్రం బజ్జీ గొంతు దిగడం లేదు. ఎందుకంటే, పోయినేడు జరిగింది దానికి గుర్తుంది.

ఏం జరిగిందంటే, వాళ్ళ సరస్సు మధ్యలో ఒక చిన్న దీవి ఉంది. చుట్టూ నీళ్ళు కాబట్టి అక్కడికి నక్క రావడం కుదరదు. గుడ్లు పెట్టుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. కానీ ఆ దీవి ఒక్క గుంపుకే సరిపోతుంది. మంచు కరిగేవేళకి ఏ గుంపు ముందొస్తే దీవి ఆ గుంపుది. వెనకబడ్డవాళ్ళు ఒడ్డున గూళ్ళు కట్టుకోవాల్సిందే.

పోయినేడు ఇదే నీలాలరేవులో పొన్నారి కూడా అందరికంటే ఎక్కువ తిని, అందరికంటే ఎక్కువ పడుకుంది. తిరిగి వెళ్ళేటప్పుడు రెక్క ఆడక అడుగడుగునా వెనకబడింది. దాన్ని వదల్లేక గుంపంతా ఆగింది. మూడు రోజులు ఆలస్యం. వెళ్ళేసరికి దీవి మీద వేరే గుంపు. పొన్నారి ఒడ్డునే మూడు గుడ్లు పెట్టింది. ఒకరోజు నీళ్ళు తాగి వచ్చేసరికి గూట్లో పెంకులు మాత్రమే ఉన్నాయి. ఎదురుగా నక్క మూతి తుడుచుకుంటోంది.

"పెంకులు బాగున్నాయి, దాచుకో" అంది నక్క.

ఆ మాట పొన్నారి గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఈసారి నా పిల్లలు దీవి మీదే పుట్టాలి అని అప్పుడే ఒట్టు పెట్టుకుంది. కానీ కొండలు ఒక్కర్తే దాటడం కుదరదు కదా! బాతులు ఎలా ఎగురుతాయో చూశారుగా, బాణం మొనలాగా వరస కట్టి. ముందున్న బాతు గాలిని చీలుస్తుంది. వెనకున్నవాళ్ళకి దారి తేలికవుతుంది. ముందున్నది అలిసిపోతే వెనక్కి వెళ్తుంది, ఇంకొకటి ముందుకొస్తుంది. దాన్నే అవి ముందు వంతు అంటాయి. వంతు అందరూ మోయాలి. కాబట్టి తన రెక్క ఒక్కటే గట్టిగా ఉంటే చాలదని పొన్నారికి తెలుసు.

పొన్నారి మేఘయ్య దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, రోజూ పొద్దున్నే ఆ లైట్‌హౌస్ చుట్టూ మూడు చుట్లు తిరిగొద్దామా? ఆ తర్వాత ఎంతైనా తినొచ్చు."

"ఇప్పుడేగా వచ్చాం అమ్మాయ్! దారి బడలికైనా తీరనీ" అన్నాడు మేఘయ్య.

పదిరోజుల తర్వాత మళ్ళీ అడిగింది.

"ఈ ఎండలోనా? రెక్కలు మాడిపోవూ!" అన్నాడు మేఘయ్య.

ఇంకో పదిరోజులకి మళ్ళీ అడిగింది.

"ఇవాళ ఆదివారం. ఇవాళ రెండు బండ్లొస్తాయి. నీకేమైనా మతిపోయిందా?" అన్నాడు మేఘయ్య. బాతులన్నీ గొల్లుమన్నాయి. అందరికంటే గట్టిగా నవ్వింది ఎవరనుకున్నారు? పొన్నారి మొగుడు చలమయ్య!

పొన్నారికి ఒళ్ళు మండిపోయింది. "సరే, నేనొక్కదాన్నే వెళ్తాను" అని ఎగిరింది. ఒక చుట్టు తిరిగేసరికే ఆయాసం. రెండో చుట్టులో రెక్కలు పీక్కుపోయాయి. మూడో చుట్టు ఎలా పూర్తి చేసిందో దానికే తెలీదు. దబ్బుమని లైట్‌హౌస్ గోడ మీద పడింది.

అక్కడ ఒక ముసలి కాకి కూర్చునుంది. ఊళ్ళో సంగతులన్నీ దానికే కావాలి.

"ఎవరమ్మా నువ్వు? సెలవులకొచ్చి ఈ తిప్పలేంటి నీకు?" అంది కాకి.

పొన్నారి దీవి సంగతి, గుడ్ల సంగతి, నక్క సంగతి అంతా చెప్పుకుని ఏడ్చింది. "ఎన్నిసార్లు చెప్పినా ఒక్కరూ వినడంలేదు కాకిమామా!"

"ఎలా వింటారు? నువ్వు చెప్పేది మందు తాగమన్నట్టుంది. ఇదిగో, తల తిప్పి అటు చూడు" అంది కాకి.

పొన్నారి చూసింది. నీళ్ళలో డాల్ఫిన్లు బారులు తీరి గెంతుతున్నాయి. తెరచాప పడవలు వేటకి పోతున్నాయి. దూరంగా ఒక ఇసుకదిబ్బ, దాని మీద వేలకొద్దీ ఎర్ర పీతలు. పోయినేడు నాలుగు నెలలు, ఈ ఏడు ఇన్ని రోజులు, ఇదే ఊళ్ళో ఉంది. ఇవేవీ చూడనే లేదు. దాని ఏడుపు ఎక్కడికి పోయిందో పోయింది.

మర్నాడు చలమయ్య బండి దగ్గర్నుంచి కేకేశాడు. "ఏమే, నీ చుట్లు తగలెయ్య, ఇడ్లీ చల్లారిపోతోంది!"

"చల్లారనీవయ్యా! డాల్ఫిన్లని చూసొస్తాను. నీకేం తెలుసు, నీకు బండి చక్రాలు తప్ప ఏం కనపడ్డాయి గనక?"

చలమయ్యకి రోషం వచ్చింది. "నేను ఎగరలేననుకున్నావా?" అని లేచాడు. లేచాడే గానీ సగం చుట్టుకే ధబేల్‌మని నీళ్ళలో పడ్డాడు. పడవల్లో జాలర్లు పగలబడి నవ్వారు. కానీ పడేముందు అతను కూడా డాల్ఫిన్లని చూశాడు! మర్నాడు పిలవకుండానే వచ్చాడు. ఒక చుట్టు తిరిగాడు. వారం తిరిగేసరికి మూడు చుట్లూ తిరిగాడు.

ఆ కబుర్లు విని ఇంకో నాలుగు బాతులొచ్చాయి. ఆ తర్వాత మరో ఆరు. అంతా కలిసి పన్నెండు. రోజూ పడవల వెంట ఇసుకదిబ్బ దాకా పందెం, లైట్‌హౌస్ చుట్టూ మూడు చుట్లు, తర్వాత హాయిగా ఇడ్లీ, సాయంత్రం బజ్జీ కూడా. తిండి మానలేదర్రా, ఎవరూ మానలేదు! కాకి రోజూ గోడ మీద కూర్చుని "ఒకటీ... రెండూ... ఏయ్ చలమయ్యా, అడ్డదారా?" అని అరిచేది. తక్కిన బాతులు మాత్రం మేఘయ్యతో పాటు కడుపులో చల్ల కదలకుండా బండి నీడలోనే ఉండిపోయాయి.

ఒకరోజు దక్షిణపు గాలి మొదలైంది. ఇంటికి వెళ్ళే గాలి అది. మేఘయ్య ముందు వంతు అందుకున్నాడు. గుంపంతా లేచింది. లేచిన కాసేపటికే సగం గుంపు ఎగశ్వాస దిగశ్వాస! పొలాలు, నదులు ఎలాగో దాటారు. మేఘయ్య అలిసిపోయాక ముందు వంతంతా ఆ పన్నెండు బాతులే మార్చుకుంటూ మోశాయి.

అసలు పరీక్ష కొండల దగ్గర. అక్కడ మూడు కనుమలున్నాయి. మొదటి కనుమలో చలిగాలి. చలమయ్య వంతు మోసి దాటించాడు. "ఇదంతా ఆ లైట్‌హౌస్ చలవే!" అని అరిచాడు కూడా. రెండో కనుమలో మంచు. తక్కిన పదిమంది వంతులు మార్చుకుంటూ, రెక్కలు విదిల్చుకుంటూ దాటించారు. మూడో కనుమ దగ్గరికి వచ్చేసరికి ఎదురుగాలి. నిలబడ్డ చెట్టుని పడగొట్టే గాలి.

మేఘయ్య ఒక బండరాయి మీద వాలిపోయాడు. అతనితో పాటు సగం గుంపు వాలిపోయింది.

"ఇక నావల్ల కాదర్రా. ఓపికున్నవాళ్ళు పదండి. పోయినేడు దీవి పట్టేసిన అవతలి గుంపు నిన్ననే పక్క దారిలో కనపడింది. మాకోసం ఆగితే దీవి పోతుంది. పొన్నారీ, నీ గుడ్లు గుర్తు చేసుకో, వెళ్ళు" అన్నాడు మేఘయ్య. అతని కళ్ళలో నీళ్ళు. "నువ్వు మూడుసార్లు చెప్పావు. నేనే బండెక్కి కూర్చున్నాను."

పొన్నారి కనుమ వైపు చూసింది. వెళ్తే దీవి దక్కుతుంది. ఆగితే మళ్ళీ ఒడ్డే, మళ్ళీ నక్కే. అది ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత మేఘయ్య ముందుకొచ్చి నిలబడింది.

"పోయినేడు నేను వెనకబడితే నువ్వు నన్ను వదిలేశావా బాబాయ్? లే! లేచి నా కుడి రెక్క వెనకే ఉండు. గాలి సంగతి నేను చూసుకుంటాను. నువ్వు ఒక్క లైట్‌హౌస్ గుర్తు పెట్టుకో. మూడు చుట్లు, అంతే!"

మేఘయ్య లేచాడు. అందరూ లేచారు. పొన్నారి ముందు వంతు పట్టింది. ఎదురుగాలి వచ్చి మీద పడింది. పొన్నారి గట్టిగా అరిచింది. "ఒకటీ!"

వెనక నుంచి పన్నెండు గొంతుల్లో మిగిలిన పదకొండూ అందుకున్నాయి. "ఒకటీ!"

రెక్కలు నొప్పెట్టాయి. ఆ నొప్పి దానికి కొత్త కాదు. రోజూ రెండో చుట్టులో వచ్చే నొప్పే. అది వచ్చాక కూడా ఎగరొచ్చని దానికి తెలుసు. "రెండూ!" అని అరిచింది. ఈసారి మేఘయ్య గొంతు కూడా కలిసింది.

"నువ్వు వెనక్కి రావే, నేను మోస్తాను!" అని చలమయ్య అరిచాడు.

"ఇంకొక్క చుట్టేనయ్యా!" అంది పొన్నారి.

ఒకరి వంతు అయ్యాక ఇంకొకరు రావడం ఆనవాయితీ. ఆ రోజు పొన్నారి ఒక్కతే మూడు వంతులు మోసింది. "మూడూ!" అని గుంపంతా ఒక్కసారి అరిచేసరికి గాలి తెగిపోయింది. కనుమ దాటేశారు! కింద చూస్తే ఎండలో తళతళమంటూ వాళ్ళ సరస్సు. మధ్యలో వాళ్ళ దీవి. ఖాళీగా ఉంది! అవతలి గుంపు ఇంకా దూరాన చుక్కల్లా కనపడుతోంది. ఒక్క బాతు కూడా వెనకబడలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా.

"మొదటి కాలు నువ్వు పెట్టమ్మా" అన్నాడు మేఘయ్య. పొన్నారి దీవి మీద కాలు పెట్టింది. గుంపంతా రెక్కలు కొట్టింది. ఆ చప్పుడుకి ఒడ్డున నిద్రపోతున్న నక్క ఉలిక్కిపడి లేచింది.

మంచు కరిగింది. పొన్నారి మూడు గుడ్లు పెట్టింది. నక్క రోజూ ఒడ్డుకి రావడం, నీళ్ళలో ఒక కాలు పెట్టడం, చలికి కెవ్వుమని వెనక్కి తీయడం, ఇదే పని. ఒకరోజు పొద్దున మూడు పిల్లలు తల్లి వెనకాలే నీళ్ళలో దిగి, నక్కకి అందనంత దూరంలో బారుగా ఈదుకుంటూ వచ్చాయి.

"నక్కమ్మా! గూట్లో పెంకులున్నాయి. బాగున్నాయి, పంపించనా దాచుకుంటావు?" అంది పొన్నారి.

నక్క తోక ముడుచుకుని పోయింది. ఆ రోజు పొన్నారి నవ్విన నవ్వు కొండలన్నిటికీ వినపడింది.

మళ్ళీ చలికాలం వచ్చింది. మళ్ళీ నీలాలరేవు. మళ్ళీ ఇడ్లీల బండి. పొన్నారి పిల్లలు ముగ్గురూ మొదటిసారి సముద్రాన్ని చూసి నోరెళ్ళబెట్టారు. అంతలో బండి వాసన తగిలి అటు పరిగెత్తబోయారు.

ఎదురుగా రెక్కలు చాపుకుని నిలబడ్డాడు మేఘయ్య.

"ఆగండర్రా! ఇడ్లీ ఎక్కడికీ పోదు. ముందు డాల్ఫిన్లు, తర్వాత మూడు చుట్లు. పదండి, ముందు వంతు నాది!"

లైట్‌హౌస్ గోడ మీద ముసలి కాకి గొంతు సవరించుకుంది. "ఒకటీ..." అని మొదలుపెట్టింది.

నీతి: సరదాగా ఊరు వెళ్తే హాయిగా తినండి, హాయిగా పడుకోండి, కానీ రోజూ ఒంటికి కాస్త పని చెప్పండి. తిరుగు దారిలో మనల్నీ, మనవాళ్ళనీ మోయాల్సింది ఆ ఒళ్ళే.