నక్క మాస్టారి హీ, షీ, ఇట్

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో నోరు అందరికీ ఉంది, ఇంగ్లీషు మాత్రం ఒక్క నక్కకే ఉంది. పట్నంలో ఒక కాన్వెంటు గోడ వెనక నాలుగు నెలలు పిల్లలు పారేసిన మెతుకులు తింటూ, కిటికీలోంచి వినబడ్డ సర్వనామాలు కూడా మింగి వచ్చింది. హీ అంటే అతను, షీ అంటే ఆమె, ఇట్ అంటే అది. వాటి వెనక తగిలించడానికి ఒక ఈజ్, గుమ్మం దగ్గర అనడానికి ఒక మే ఐ కమిన్ సార్. దాని చదువు అక్కడితో సరి. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం కదా!

నక్క బడి పెట్టింది. కుందేలు పిల్ల, జింక పిల్ల చేరాయి. తీతువు పిట్ట కూడా తన పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. తీతువు ఆ అడవికి కావలి. పులి జాడ కనబడితే చాలు, "టిట్టిట్టీ!" అని అరిచేది. ఆ అరుపు వినే అందరూ ప్రాణాలు కాపాడుకునేవారు.

"ఆ మొరటు అరుపు ఇక్కడ పనికిరాదమ్మా," అంది నక్క. "తల్లికి ఇంగ్లీషు రాకపోతే పిల్లకు సీటు లేదు. ఏం చెప్పాలన్నా గుమ్మం రాయి దగ్గర నిలబడి, మే ఐ కమిన్ సార్ అని అడిగి, ఇంగ్లీషులోనే చెప్పాలి. తప్పు వస్తే వెనక్కి వెళ్ళి మళ్ళీ రావాలి."

"అలాగే మాస్టారూ," అంది తీతువు. పిల్ల చదువు కోసం తల్లి ఏమైనా దిగమింగుతుంది. పాపం, ఈ తల్లి తన గొంతునే మింగేసింది.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం పొదల్లో చిరుతపులి కదిలింది. తీతువుకు అరుపు గొంతుదాకా వచ్చింది. సీటు గుర్తొచ్చి ఆపుకుంది. గుమ్మం రాయి మీద వాలింది.

"మే ఐ కమిన్ సార్? ఇట్ కమింగ్ సార్! చిరుతపులి సార్!"

"పులంతటి పెద్దమనిషిని ఇట్ అంటావా? మర్యాద లేదూ? వెనక్కి వెళ్ళు!"

తీతువు వెళ్ళింది, వచ్చింది. "మే ఐ కమిన్ సార్? హీ కమింగ్ సార్!"

"అది మగపులని నీకెవరు చెప్పారు? సరిగ్గా చూసి రా."

తీతువు ఎగిరి వెళ్ళి చూసింది. అది ఆడపులి. అప్పటికే బడికి పది గజాల్లో ఉంది.

"మే ఐ కమిన్ సార్? షీ కమింగ్ సార్!"

"హమ్మయ్య, షీ కుదిరింది," అంది నక్క. "మరి ఈజ్ ఏదమ్మా? దారిలో పారేసుకున్నావా? మళ్ళీ మొదట్నుంచీ!"

తీతువు తన పిల్లకేసి చూసింది. దాని వెనక పొదలో చిరుత దూకడానికి ఒంగుతోంది. ఇక ఆగలేదు.

"సీటు పోతే పోయింది!" అనుకుని, గొంతు చించుకుని, "టిట్టిట్టీ!" అని అరిచింది.

కుందేలు పిల్ల బొరియలో దూరింది. జింక పిల్ల ఒక్క గెంతులో వాగు దాటింది. తీతువు పిల్ల గడ్డిలో అణిగిపోయింది.

"ఎవరా మొరటు..." అంటూ నక్క ఒక్కటే బెత్తం పట్టుకుని నిలబడింది. చిరుత దాని తోక అందుకుంది. అప్పుడు నక్క ఒక ఊళ పెట్టింది చూడండి! అందులో హీ లేదు, షీ లేదు, ఈజ్ అసలే లేదు. అయినా అడవి మొత్తానికి అర్థమైంది. తోక చిరుత నోట్లో వదిలేసి, మాస్టారు ప్రాణం దక్కించుకుని పారిపోయింది.

"అమ్మా, నా సీటు పోయిందా?" అని అడిగింది తీతువు పిల్ల, గడ్డిలోంచి తల ఎత్తి.

"పోయిందమ్మా," అంది తల్లి, దాన్ని రెక్క కిందికి లాక్కుంటూ. "నువ్వు ఉన్నావు."

నీతి: ఆపద చెప్పేవారి మాట ముందు వినాలి, తప్పులు తర్వాత దిద్దాలి. ప్రాణం ఉంటేనే వ్యాకరణం.